తన త్రోవను ప్రభువునకు అప్పగించిన క్లౌ దొరగారు



తన వెంట రాగోరువాడు తన యిష్టమును విడిచి సిలువ మోయవలెనని మన ప్రభువు సెలవిచ్చిన సంగతి మత్తయి, మార్కు, లూకా ముగ్గురును వ్రాసియున్నారు. అయితే ఆ సిలువను ప్రతిదినమును మోయవలెనను మాటను లూకా మాత్రమే తన 9వ అధ్యాయము 23వ వచనములో చేర్చెను. ఈ చిన్న మాటయందు గొప్ప సంగతి కలదు. బాప్తిస్మము ఒక్కసారి పొందుదుము. అయితే మన యిష్టమును ప్రభువునకు అప్పగించుట ఒక్కనాటితో తీరు పని కాదు. ప్రొద్దున లేచినది మొదలు, నాగలి పట్టునప్పుడును, బేరము చేయునప్పుడును, బిడ్డకు సంబంధము చూచునప్పుడును మరల మరల అప్పగింపవలసియున్నది.

ఈ సంగతి తేటపడుటకు ఈ నెల ఒక భక్తుని జీవితమును మీ ముందర పెట్టుచున్నాము. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ కుటుంబములలో ఆయన పేరు తెలియని ఇల్లు అరుదు. ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరన్న సంగతిని మన పెద్దలు చెప్పగా అనేకులము వినియున్నాము. అయితే ఆ దినమునకు ముందు ఆ దైవజనుడు ఏమేమి విడువవలసి వచ్చెనో చెప్పువారు తక్కువ. ఆ సంగతినే ఇక్కడ వ్రాయుచున్నాము.

గదిలో గీచిన గీత

క్లౌ దొరగారు 1836వ సంవత్సరము జూలై నెలలో అమెరికా దేశమందలి న్యూయార్కు రాష్ట్రములో పుట్టిరి. ఆయన చిన్నతనములోనే ఆ కుటుంబము పడమటి ప్రాంతములకు వలసపోయి అయోవా రాష్ట్రములో సేద్యము చేసికొనెను. పదునేడేండ్ల ప్రాయమున ఆయన భూమి కొలతలు వేయు ప్రభుత్వోద్యోగులతో కూడ మిన్నెసోటా అడవులలోనికి పోయి, గొలుసు పట్టి కొలుచుటయు, లెక్క కట్టుటయు నేర్చుకొనెను. తరువాత చదివి న్యాయవాది కావలెననియు, రాజకీయములలో పేరు సంపాదింపవలెననియు ఆశించెను. ఆయన దృఢమైన మనస్సు గలవాడు. తన బ్రతుకునకు తానే కొలత వేసికొని, హద్దురాళ్లు కూడ తానే పాతుకొనెను. అందులో దేవునికి చోటు లేదు.

ఈ తలంపుతో బర్లింగ్టన్ పట్టణపు విద్యాలయములో చేరగా, ఆయనతో ఒకే గదిలో నుండిన విద్యార్థి భక్తిపరుడాయెను. ఆ విద్యార్థి రాత్రివేళ బైబిలు చదివి మోకరించుట క్లౌగారికి నచ్చలేదు. అందుచేత ఆయన సుద్దముక్క తీసికొని గది నడుమ ఒక గీత గీచి, భక్తి ఏమైన నుండినయెడల అది ఆ గీతకు ఆవలనే యుండవలెనని షరతు పెట్టెనని చెప్పుదురు. ఆ స్నేహితుడు వాదింపలేదు. తన ప్రక్కన మోకరించి ప్రార్థించుచునే యుండెను. కొంతకాలమునకు గీత గీచినవాడే ఆ గీత దాటి, స్నేహితుని ప్రక్కన మోకరించెను. 1858వ సంవత్సరములో ఆయన బాప్తిస్మము పొందెను.

ప్రియులారా, ఈ గీతను చూచి నవ్వుకొనక ముందు మన యిండ్లలోనికి చూచుకొందము. ఆదివారము ఉదయము ప్రభువునకు, మిగిలిన వారమంతయు మనకు అని గీచికొనినవారు మనలో లేరా? పాట, ప్రార్థన, కానుక గీతకు ఒక ప్రక్కన, అప్పు పత్రములు, పొలము గట్లు, పంచాయతీ తగవులు రెండవ ప్రక్కన పెట్టుకొని, ఈ ప్రక్కకు రావద్దని ప్రభువునకే షరతు పెట్టుచున్నవారు లేరా? క్లౌగారు గీత దాటిన దినమే ఆయన నిజమైన జీవితము ఆరంభమాయెను.

మూయబోయిన మిషను

న్యాయవాది కావలెనను ఆశ అంతటితో సడలిపోయెను. ఆయన కొంతకాలము క్రైస్తవ పుస్తకములు మోసికొని ఊరూర తిరిగి సువార్త చెప్పెను. ఆ దినములలో అమెరికా బాప్తిస్టులు తెలుగు దేశములో చేయుచున్న పని మిక్కిలి కొంచెముగా నుండెను. 1836లో శామ్యూల్ డే దొరగారు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడిరి. ఎన్నియో యేండ్లు గడచినను పదుల సంఖ్యకు మించి విశ్వాసులు చేరలేదు. పటములో ఒంటరిగా మెరయుచున్న చుక్కవలె ఒక్క ఊరే యున్నందున ఆ మిషనుకు ఒంటరి నక్షత్రమని పేరు వచ్చెను. దానిని మూసివేయుదమని అమెరికాలో ఒక్కసారి కాదు, పలుమార్లు ఆలోచించిరి. 1862లో జబ్బుతో స్వదేశము చేరిన జువెట్ దొరగారు, ఎవరు పంపినను పంపకున్నను తాను తిరిగి తెలుగువారియొద్దకే పోయి అక్కడనే బ్రతికి అక్కడనే చనిపోవుదునని తెగించి చెప్పిరి. ఆ ముసలి దొరగారిని ఒంటరిగా పంపలేక వారు తోడు వెదకిరి. ఆ తోడుగా బయలుదేరినవాడు క్లౌగారు. 1864 నవంబరు నెలలో ఆయన, ఆయన భార్య హారియట్ దొరసానిగారు, జువెట్ దొరగారితో కూడ బోస్టను రేవున ఓడ ఎక్కి, 1865లో మద్రాసు చేరి, నెల్లూరునకు వచ్చిరి. 1866లో ఒంగోలునకు కాపురము వచ్చిరి.

అంతకు పండ్రెండేండ్ల క్రిందట, 1854 జనవరి 1వ తేదీన తెల్లవారకముందే జువెట్ దొరగారును, దొరసానిగారును, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండ ఎక్కి, ఈ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించియుండిరి. ఆ ప్రార్థన చేయబడిన నాటికి క్లౌగారు మిన్నెసోటా అడవులలో గొలుసు పట్టుకొనియున్న పడుచువాడు. తనకొరకు కొండపైన ఎవరో ప్రార్థించుచున్నారని ఆయనకేమి తెలియును?

ఎవరిని చేర్చుకొనవలెను?

1867 జనవరి 1వ తేదీన ఒంగోలులో ఎనిమిదిమందితో సంఘము ఏర్పడెను. అప్పుడు క్లౌ దొరగారి మనస్సులో ఒక ఆలోచన యుండెను. ఆ కాలపు మిషనెరీలలో అనేకులకు నుండిన ఆలోచనయే అది. పై కులములవారు మొదట వచ్చినయెడల, మిగిలినవారు వారి వెంట వత్తురని వారు తలంచిరి. ఒంగోలులోని బ్రాహ్మణులు ఆయనతో స్నేహముగా నుండిరి. వారి పిల్లలు ఆయన బడికి వచ్చుచుండిరి. ఆయన ఆశ ఫలించునట్లే కనబడెను.

అయితే ప్రభువు వేరొక త్రోవ తెరచియుండెను. ఒంగోలునకు పడమట సుమారు 40 మైళ్ల దూరమున తాళ్లకొండపాడను ఊరు కలదు. ఆ ఊరివాడైన ఎర్రగుంట్ల పేరయ్యగారు మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారము చేయువాడు. చాలకాలము సత్యమును వెదకి, యోగుల మార్గములో నడచినవాడు. వ్యాపారము మీద ఉత్తరమునకు ఏలూరువైపు పోయినప్పుడు అక్కడ సువార్త విని, యేసుప్రభువును నమ్మి, 1866లో ఆయనయు ఆయన భార్య నాగమ్మగారును బాప్తిస్మము పొందిరి. తిరిగి పోయి ఊరకుండక చుట్టుప్రక్కల పల్లెలన్నిటను చెప్పెను. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడునకు పోయి చూడగా, చుట్టుపట్ల పల్లెలవారు మూటలు కట్టుకొని, వండుకొనుటకు గింజలు తెచ్చుకొని, నేర్చుకొనువరకు పోమని చింతచెట్ల నీడను కూర్చుండియుండిరి. వారిలో 28 మంది ఆ దినములలో బాప్తిస్మము పొందిరి.

ఈ వార్త ఒంగోలునకు చేరగా పై కులములవారు దొరగారితో తేటగా మాటలాడిరి. ఆ బీదవారిని చేర్చుకొనినయెడల తాము రామనియు, తమ పిల్లలను బడి మాన్పింతుమనియు చెప్పిరి. ఇప్పుడు ఆయన ఏమి చేయవలెను? ఒకవైపు తాను వేసికొన్న ఆలోచన, దానితో కూడ పట్టణపు గౌరవము. రెండవవైపు గింజల మూటతో వచ్చి గుమ్మము ముందర నిలిచిన బీదలు. ఆయన తన గదిలోనికి పోయి బైబిలు తెరవగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయము 26 మొదలు 29 వరకు గల వచనములు ఆయన కంటబడెను. దేవుడు ఈ లోకములో జ్ఞానులను, ఘనులను విస్తారముగా ఏర్పరచుకొనక, ఎన్నికలేనివారినే ఏర్పరచుకొనెనని పౌలు అక్కడ బోధించుచున్నాడు. అదే సమయమున వేరొక గదిలో దొరసానిగారు తమ బైబిలులో ఆ వచనములనే చదివి, వాటిని తీసికొని ఆయనయొద్దకు వచ్చిరి. ఇద్దరును ఒకరితో ఒకరు చెప్పుకొనక ముందే ఒకే మాట దొరికెను. ఇక ఆయన సందేహింపలేదు. బీదలను చేర్చుకొనెను. పై కులముల పిల్లలు బడి విడిచిపోయిరి.

బైబిలు తెరచి వ్రేలు పడిన చోట జవాబు వెదకుకొనుడని మేము చెప్పుటలేదు. ఆ సంగతిలో మనము గమనింపవలసినది వేరు. వాక్యము తన ఆలోచనకు అడ్డు వచ్చినప్పుడు, ఆయన ఆలోచనను విడిచి వాక్యమును పట్టుకొనెను. మనమైతే మన ఆలోచనకు సరిపడు వచనమును వెదకుదుము, అడ్డు వచ్చు పుటను త్రిప్పివేయుదుము. మన సంఘములలోనికి ఎవరు రావలెను, ఎవరు ముందు చాపమీద కూర్చుండవలెను, ఎవరి యింట ప్రార్థన పెట్టవలెను అను సంగతులను మన చేతిలోనే పెట్టుకొనుచున్నామా? కులమును బట్టి, కలిమిని బట్టి, కుటుంబమును బట్టి ప్రభువు గుమ్మమునకు మనము గడియ వేయుచున్నామా? ఇది దేవాలయపు గడియ మాత్రమే కాదు, మన హృదయపు గడియ.

పల్లెవారు మోసిన సిలువ

అప్పగించుకొనినవాడు దొరగారొక్కడే అనుకొనవద్దు. ఆయన వెంట వచ్చిన బీదవారు ఎక్కువ వెల చెల్లించిరి. బాప్తిస్మము పొందువారు మూడు సంగతులకు కట్టుబడవలసియుండెను. ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు. చదువు రానివారు కూడ ఈ మూడింటిని వ్రేళ్లమీద లెక్కపెట్టుకొని జ్ఞాపకముంచుకొనిరి.

ఈ మూడు చిన్న సంగతులని మనకు తోచవచ్చును. ఆ దినములలో తోలు పని చేయువాడు మోటలకు బొక్కెనలు, ఎడ్లకు వారులు, రైతులకు చెప్పులు కుట్టి, కోతల కాలమున కళ్లములో తన పాలు గింజలు తెచ్చుకొనువాడు. జాతరలలో డప్పు కొట్టుట అతని పని. పిలిచిన దినమున పనికి పోవలెను. ఆదివారము రాననియు, జాతరకు డప్పు కొట్టననియు చెప్పినయెడల, కళ్లములోని గింజలు పోవును, బావి నీళ్లు ఆగును, దెబ్బలు కూడ తగులును. ఆలాగు అనేకులు బాధపడిరి. తప్పుడు వ్యాజ్యములు కూడ వారిమీద పెట్టబడెను. తమ కడుపు ఊరి పెద్దల చేతిలో నున్నదని వారికి తెలియును. అయినను దానిని ప్రభువు చేతిలో పెట్టిరి. దొరగారు వారి పక్షమున అధికారులయొద్దకు పోయి మాటలాడెను. అయితే రాత్రి తిండి లేక పండుకొనినవారు ఆ పల్లెవారే. మన తాతముత్తాతలలో అనేకులు అట్టివారు. వారి ఆదివారము వారికి ఒక పూట కూడు ఖరీదాయెను. మన ఆదివారము మనకేమి ఖరీదగుచున్నదో ఎవరికి వారు ఆలోచించుకొందురు గాక.

కరువు కాలము

1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో గొప్ప కరువు వచ్చెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనినది ఇదియే. వానలు లేవు, పశువులు చచ్చెను, కలరా వ్యాపించెను, జనులు త్రోవలలో పడి చనిపోయిరి. ప్రభుత్వమువారు కరువు పనిగా బకింగ్‌హాం కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. చిన్నతనమున మిన్నెసోటా అడవులలో నేర్చుకొనిన కొలత పని ఇప్పుడు అక్కరకు వచ్చెను. తాను విడిచి వచ్చినదనుకొనిన విద్యను ప్రభువు ఇరువది యేండ్లు దాచియుంచి, వేలమంది ప్రాణములు నిలుపుటకు మరల చేతికిచ్చెను. ప్రభువునకు అప్పగించినది పాడైపోదు.

బోధకులే ఆ పనికి మేస్త్రీలుగా నుండిరి. కూలివారు అలసి కూర్చున్నప్పుడు, బోధకులు వారి నడుమ కూర్చుండి మత్తయి 11వ అధ్యాయము 28వ వచనమును ఎత్తి, భారము మోయువారిని యేసుప్రభువు తనయొద్దకు పిలుచుచున్నాడని చెప్పిరి. తట్టలు మోసి మెడలు వాచినవారికి ఆ మాట ఎంత తీపిగా నుండెనో మనము ఊహింపవచ్చును. అనేకులు నమ్మి, బాప్తిస్మమిమ్మని అడిగిరి.

ఇక్కడ దొరగారు మరియొకటి విడిచెను. బాప్తిస్మములిచ్చి, వేలకొలది సంఖ్యలు వ్రాసి అమెరికాకు పంపి ఘనత పొందుటకు అదే సమయము. అయితే కూడు కొరకు ఎవరును ప్రభువు నామమును ధరింపకూడదని ఆయన తలంచి, పదునైదు నెలలు ఒక్కరికైనను బాప్తిస్మమియ్యలేదు. పంట కండ్ల ఎదుట నుండగా కొడవలి ఎత్తకుండ నిలుచుట సులభము కాదు. సేద్యము చేయువారికి ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

వెల్లంపల్లి దినములు

1878 జూన్ నెలలో ఆయన కరువు సహాయము ముగించి, ఒంగోలునకు ఉత్తరమున పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లిలో బోధకులను, సంఘస్థులను కూడి రండని పిలిచెను. ఇదివరకే బాప్తిస్మము పొందినవారు మాత్రమే రావలెననియు, క్రొత్తవారిని తీసికొని రావద్దనియు చెప్పి పంపెను. అయినను జనులు గుంపులుగా వచ్చిరి. ఆయన ఎత్తైన చోట నిలిచి, ఇక ఇచ్చుటకు తనయొద్ద డబ్బు లేదనియు, ఎవరి ఊళ్లకు వారు పోవలెననియు వారితో చెప్పెను. వారు పోలేదు. తమకు డబ్బు అక్కరలేదనియు, కష్టపడి బ్రతుకుదుమనియు, కరువు వచ్చి చనిపోవలసివచ్చినను క్రైస్తవులుగా చనిపోవుదుమనియు చెప్పి, కాలువ పనిలో కాయలు కాచిన చేతులు చూపించిరి.

దొరగారు బోధకులతో కూడ ప్రక్కకు పోయి ఆలోచించెను. పదునైదు నెలలు పట్టుకొనియున్న జాగ్రత్త మంచిదే. అయితే ఇప్పుడు దానిని కూడ ప్రభువు చేతిలో పెట్టవలసి వచ్చెను. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో పేతురు కొర్నేలీ యింట జరిగిన సంగతి చెప్పుచు, దేవునికి అడ్డు నిలుచుటకు తాను ఎవడనని ఒప్పుకొనెను గదా. క్లౌ దొరగారును ఆలాగే ఒప్పుకొనెను. నిలువుమన్నప్పుడు నిలిచెను, సాగుమన్నప్పుడు సాగెను. ఇదియే వెంబడించుట.

బోధకులు తమ తమ పల్లెలవారిని విచారించి, పేర్లు వ్రాసికొనిరి. జూలై 2వ తేదీన 614 మందియు, 3వ తేదీన 2,222 మందియు, 4వ తేదీన 700 మందియు, మూడు దినములలో మొత్తము 3,536 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు చొప్పున నిలిచి, అలసినప్పుడు మరి యిద్దరికి చోటిచ్చి, ఆ నడిమి దినమున సుమారు తొమ్మిది గంటలు పని చేసిరి. జూన్ నడుమ మొదలు జూలై కడవరకు 8,691 మంది సంఘములో చేర్చబడిరి.

పని పెరిగిన తరువాత దొరగారు దానినంతయు తన గుప్పిట పెట్టుకొనలేదు. 1880 తరువాతి సంవత్సరములలో కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల ప్రాంతములు వేరు చేయబడి ఇతర మిషనెరీలకు అప్పగింపబడెను. తాను నడచి, తాను విత్తిన పొలములు ఇతరుల చేతికి పోవుట చూచి ఆయన సంతోషించెను. 1910 నవంబరు నెలలో ఆయన అమెరికాలో ప్రభువునందు నిద్రించెను.

మన సంగతి ఏమి?

ప్రభువునకు అప్పగించుకొనుటయనగా చేతులు ముడుచుకొని కూర్చుండుటయని కొందరు తలంతురు. క్లౌ దొరగారు అట్లు కూర్చుండినవాడు కాడు. ఆయన గుఱ్ఱమెక్కి పల్లెపల్లెకు తిరిగెను, కాలువ త్రవ్వించెను, లెక్కలు వ్రాసెను, అధికారులతో వాదించెను. పనియంతయు చేసి, దాని ఫలమును, దాని వేళను, దానిలో చేరువారిని ఏర్పరచుకొను అధికారమును ప్రభువునకు విడిచెను. రైతు దున్ని విత్తును, వాన తన చేతిలో లేదని ఎరుగును. భక్తుని బ్రతుకును అంతే. యాకోబు పత్రిక 4వ అధ్యాయములో, రేపు ఫలానా పట్టణమునకు పోయి వ్యాపారము చేసి లాభము సంపాదింతుమని చెప్పువారిని అపొస్తలుడు గద్దించి, ప్రభువు చిత్తమైనయెడల అని చెప్పుకొనుడని నేర్పుచున్నాడు. ఆ మాటను మనము ఉత్తరముల చివర వ్రాయుట చేతనైనవారమే. పొలము కొనునప్పుడు, కుమారుని ఉద్యోగమునకు పంపునప్పుడు, కోర్టుకు ఎక్కునప్పుడు ఆ మాట మన నోట వచ్చుచున్నదా?

ఈ నెలలో ప్రతి కుటుంబమువారును ఒక రాత్రి దీపము పెట్టుకొని కూర్చుండి, తమ యింటిలో ఆ సుద్దగీత ఎక్కడ గీయబడియున్నదో వెదకుడని కోరుచున్నాము. అది డబ్బు పెట్టె ముందరనా? అన్నదమ్ములతో మాటలు లేని వాకిట ముందరనా? సంఘములో పదవి ముందరనా? కనబడినయెడల అక్కడనే మోకరించుడి. గీతను తుడుచుటకు మనకు శక్తి చాలదు. మోకరించినవాని మోకాళ్లే దానిని తుడుచును.

ప్రభువా, మా త్రోవలు మేము కొలుచుకొని హద్దులు పెట్టుకొంటిమి. ఆ కొలత గొలుసును నీ చేతికిచ్చుచున్నాము. మా పొలములను, మా బిడ్డలను, మా సంఘములను, రేపటి దినమును నీవే నడిపించుము. నీవు నిలువుమన్నప్పుడు నిలుచుటకును, సాగుమన్నప్పుడు సాగుటకును మాకు విధేయత దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము, ఆమేన్.